తాడిపత్రి మిద్దె మీద ఫ్రెంచి వెన్నెల

యుగళగీతం తియ్యాలంటే మన నిర్మాతలు నీళ్లున్న చోటు వెతుక్కుంటూ పోతారు. ఊటీ సరస్సు, కాశ్మీరులో దాల్ సరస్సు, గోదావరి లంకలు, ఏదీ కుదరకపోతే విశాఖపట్నం బీచి! మా అనంతపురం వైపు మాత్రం ఫైటింగులు తియ్యడానికి వస్తారు. ఎర్రదుమ్ము, వరసగా నాలుగు సుమోలు, గుండురాళ్ల మీదినుంచి దూకే రౌడీలు... మాకు మిగిలింది అదీ. ఈ నేల మీద ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ పక్కపక్కన కూచుని నాలుగు మాటలు చెప్పుకుంటారన్న అనుమానం కూడా సినిమా వాళ్లకు వచ్చినట్టు లేదు.

అందుకే మొన్న ఏప్రిల్‌లో మా అక్క వాళ్ల ఊరికి పోతూ నేను చేసిన పని కొంచెం విడ్డూరమనే చెప్పాలి. ఒక ఫ్రెంచి గాయకుడి శృంగార గీతాల ఆల్బం ఫోన్లో ఎక్కించుకుని బయల్దేరాను. గాయకుడి పేరు సెబాస్టియన్ తెలియే. (అచ్చం తెలుగు మాటలా లేదూ?) ఆల్బం పేరు పత్రికలో రాయడానికి నాకేం మొహమాటం లేదు గానీ రైల్లో పైకి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ‘సెక్సువాలిటీ’. 2008 ఫిబ్రవరిలో విడుదలయింది. మొత్తం పదకొండు పాటలు.

గుంతకల్లులో పొద్దున దిగి, తాడిపత్రి వైపు పోయే ప్యాసింజరు ఎక్కాను. ఇది బొంబాయి నుంచి మద్రాసు పోయే పాత లైను. గుత్తి దాటితే రాయలచెరువు, ఆ తర్వాత తాడిపత్రి. కిటికీలోంచి చూస్తే దున్ని వదిలేసిన చేలు, ఎక్కడో ఒక తుమ్మచెట్టు, దాని కింద నాలుగు గొర్రెలు. పశ్చిమ కనుమలు అడ్డం నిలబడి నైరుతి మేఘాలను అవతలే పిండుకుంటాయి. ఈశాన్య రుతుపవనం ఇంతదూరం వచ్చేసరికి దానికి ఓపిక ఉండదు. ఏడాదంతా కలిపి అయిదువందల యాభై మిల్లీమీటర్లు పడితే మా వాళ్లు సంవత్సరం బాగుందంటారు. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన కురిసే జిల్లా అని మా జిల్లాకు బళ్లోనే చెప్పిన పేరు. చిన్నప్పుడు అదేదో పతకంలాగా గర్వంగా కూడా ఉండేది!

సరే, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. మొదటి పాట పేరు ‘రోష్’. ఫ్రెంచిలో ఆ మాటకు రాయి అని అర్థం. కిటికీ అవతల గుత్తి కొండ, కోట, చుట్టూ ఎవరో విసిరేసినట్టు గుండురాళ్లు. రాతికి రాయి కుదిరింది గదా అని నవ్వుకున్నాను. అయితే పాటలో ఆయన కలగనేది బియారిట్జ్ అనే సముద్రతీరపు ఊరి గురించి, అక్కడి వేసవి గురించి. ఆయన వేసవికీ మా వేసవికీ మధ్య ఎంత సముద్రముందో మీరే ఊహించుకోండి.

ఆ సంగీతం ఎలా ఉంటుందో చెప్పాలి. పాటల్లో దాదాపు అంతటా సింథసైజరే. వేళ్లు మీట మీద పడగానే వినిపించి పోయే ధ్వని కాదది. నెమ్మదిగా లేచి, గది నిండి, నెమ్మదిగా కరిగే ధ్వని. వెనకాల యంత్రపు తాళం, తొందర లేకుండా, గోడ గడియారంలాగా. దాని మీద ఈయన గొంతు. గట్టిగా పాడడు. చెవి దగ్గరికి వచ్చి సగం చెప్పి, మిగతా సగం మింగేస్తాడు. ‘పోమ్’ అనే పాటలో ఒక ఆడగొంతు నిట్టూర్పులు కూడా కలుస్తాయి. అదొచ్చినప్పుడు నేను వాల్యూము తగ్గించి పక్కవాళ్ల వైపు చూశానని ఒప్పుకుంటున్నాను.

ఈ నిట్టూర్పుల విద్య ఫ్రెంచివాళ్లకు కొత్తది కాదు. 1969లో సెర్జ్ గేన్స్‌బూర్, జేన్ బిర్కిన్ కలిసి పాడిన పాటను కొన్ని దేశాల రేడియోలు నిషేధించాయి. నిషేధించిన బీబీసీ వారి దేశంలోనే అది అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది! మనమూ ఏం తక్కువ తినలేదు లెండి. 1973లో ‘దేవుడు చేసిన మనుషులు’ వచ్చినప్పుడు రమేష్ నాయుడు సంగీతంలో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన ‘మసక మసక చీకటిలో’ ఎవరు మరిచిపోతారు? ఆమె ఊపిరి పీల్చే చోటు కూడా పాటలో ఒక వాయిద్యమే. పెద్దవాళ్లు రేడియో కట్టేసేవారు, పిల్లలు కిటికీలోంచి పక్కింటి రేడియో వినేవారు. తెలియే చేసింది ఆ ఊపిరిని యంత్రాల మధ్య కూచోబెట్టడం. తేడా అంతే.

ఆ యంత్రాలను నడిపిన మనిషి కూడా తక్కువవాడు కాదు. ఆల్బం నిర్మాత గీ మాన్యుయెల్ ద ఓమెమ్ క్రిస్టో. డాఫ్ట్ పంక్ అని ఇద్దరు మిత్రుల జట్టు ఉండేది, మొహాలకు మరమనుషుల హెల్మెట్లు తగిలించుకుని స్టేజీ ఎక్కేవారు, 2021లో విడిపోయారు. ఆ ఇద్దరిలో ఒకడు ఈయన. మొహం కనిపించకుండా దాచుకునే మనిషి, ఒళ్లు దాచుకోని పాటలకు నిర్మాత అయ్యాడన్నమాట.

ఇంకొక తమాషా. ఇదే ఆల్బంలోని ‘డివైన్’ అనే పాటను ఆ ఏడాది యూరోవిజన్ పోటీకి ఫ్రాన్సు తరపున పంపారు. పాట చాలావరకు ఇంగ్లీషులో ఉంది. అంతే, పార్లమెంటులో ఒక సభ్యుడు లేచి మన భాషకు ఇంత అవమానమా అని నిలదీశాడు! 2008 మేలో బెల్‌గ్రేడులో ఫైనలు జరిగితే తెలియే గోల్ఫు మైదానంలో తిరిగే చిన్న బండి ఎక్కి స్టేజీ మీదికొచ్చాడు. వెనక పాడే ఆడవాళ్లకు కూడా ఆయనకున్నట్టే గడ్డాలు. పాతికమందిలో ఎక్కడో అడుగున మిగిలాడు. శృంగారం పేరుతో వచ్చినవాడు హాస్యం చేసి పోయాడని కొందరన్నారు. నాకైతే ఆ రెంటికీ అంత దూరం ఉందనిపించదు. మన నాటకాల్లో శృంగారం పక్కనే విదూషకుణ్ణి ఎందుకు పెట్టారు మరి?

నేనిలా వింటూ ఉంటే ఎదుటి సీటులో పెద్దాయన చాలాసేపటినుంచి నన్నే గమనిస్తున్నాడు. తెల్ల పంచె, భుజాన తువాలు, డెబ్భై అయిదు దాటి ఉంటాయి. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

“ఏం పాటలప్పా అవి?”

“ఫ్రెంచి పాటలు పెద్దాయనా,” అన్నాను, ఫోను బోర్లా తిప్పి.

“అర్థమైతాయా నీకు?”

“సగం గూడా కావు.”

“మరేమిటికి ఇనేది?”

జవాబు తోచలేదు. చల్లగా ఉంటాయని చెప్పాను. ఆయన నవ్వలేదు. తలూపి, “మాయాబజారు లెక్క అన్నమాట,” అన్నాడు. నేను ఇయర్‌ఫోన్లు తీసేశాను.

టూరింగు టాకీసులో, గుడారం కింద, ఇసకలో కూచుని చూశాడట. ఎన్టీరామారావుకు దండం పెట్టినవాళ్లున్నారట, సావిత్రి కోసం మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లున్నారట, ఎస్వీ రంగారావు లడ్లు మింగుతుంటే ఈలలేసినవాళ్లున్నారట. “నేను మాత్రం ఆ పడవ పాటప్పుడు మనుషులను సూడలేదప్పా. నీళ్లు సూచ్చి కూచున్నా. యాడ సూసినా నీళ్లే. ఎన్నెల పడి మెరుచ్చాండాయి. ఆ పొద్దు మా ఊర్లో బాయి ఎండి నెలైంటాది,” అన్నాడు.

మీరు నమ్ముతారో లేదో, నేను తాడిపత్రి పోయే రైల్లో ఉండి కూడా ఆ క్షణం దాకా ఆ సంగతి తలుచుకోలేదు. ‘మాయాబజార్’ దర్శకుడు కె.వి. రెడ్డి తాడిపత్రివాడు! 1912 జూలై 1న అక్కడే పుట్టాడు. ‘భక్త పోతన’, ‘యోగి వేమన’, ‘గుణసుందరి కథ’, ‘పాతాళభైరవి’... ఇవన్నీ తీసిన మనిషి ఈ లైనులోనే రైలెక్కి మద్రాసు పోయాడు. ఆయనతో పాటు వాహినీ సంస్థకు పెట్టుబడి పెట్టి నిలబెట్టిన మూలా నారాయణస్వామిదీ తాడిపత్రే. నటుడు బళ్లారి రాఘవ పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. నీళ్లు లేని ఊరు మద్రాసుకు ఇంతమందిని పంపింది.

1957 మార్చి 27న విడుదలయిన ‘మాయాబజార్’లో ఆ పడవ పాట సంగతి ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పేదేముంది? పింగళి నాగేంద్రరావు మాటలు, సాలూరి రాజేశ్వరరావు మొదలుపెట్టిన బాణీ, ఆయన తప్పుకున్నాక ఘంటసాల పూర్తిచేసిన సంగీతం, ఘంటసాల లీల గొంతులు. అయితే ఒకటి గమనించారా? పడవలో మొదట ఉండేది అభిమన్యుడు శశిరేఖ. తర్వాత అదే పడవ కృష్ణుడు రుక్మిణి ఎక్కుతారు. ఆ తర్వాత బలరాముడు రేవతి. ఒక్క పాటలో మూడు జంటలు, మూడు వయసులు! వయసు మళ్లిన మొగుడూ పెళ్లాలకు కూడా వెన్నెల పంచిపెట్టిన దర్శకుడు మళ్లీ పుట్టలేదు. పిల్లల ప్రేమ చూడడానికి వచ్చి పెద్దలే ప్రేమలో పడతారు, అదీ అక్కడి చమత్కారం.

ఆ వెన్నెలా నిజం వెన్నెల కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే దీపాలతో, కెమేరాతో అల్లిన వెన్నెల. కె.వి. రెడ్డి భౌతికశాస్త్రం చదివినవాడు. స్టాప్‌వాచి చేతపట్టుకుని ప్రతి సన్నివేశం ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు అని ముందే కొలిచి, సినిమా నిడివి షూటింగుకు ముందే తేల్చేవాడని ప్రతీతి. అంటే ఏమిటన్నమాట? తెలుగువాళ్లు ఇప్పటిదాకా చూసిన అన్నిటికన్నా మెత్తటి శృంగార గీతం యంత్రాలతో, కొలతలతో, నీళ్లు కరువైన ఊరివాడు తయారుచేసింది. ఎలక్ట్రానిక్ సంగీతంలో ప్రాణం ఉండదు, హృదయం ఉండదు అని మన పాతకాలపు రసికులు విసుక్కుంటారే, వాళ్లను ఈ లెక్కకు ఏం జవాబు చెబుతారో అడగాలని ఉంది.

రైలు తాడిపత్రిలో ఆగింది. పెద్దాయన దిగుతూ, “చల్లగా ఇనుకో,” అన్నాడు.

బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడికి నడిచాను. పెన్న ఒడ్డున ఉంటుంది, విజయనగర రాజుల కాలం నాటిది. పెన్న సంగతి మా జిల్లా కవి విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రాసిననాడే లోకానికి తెలిసింది గనక మళ్లీ చెప్పను. నేను పోయిన రోజు నది వెడల్పంతా ఇసకే ఉంది. గుడి గోపురాలు పైదాకా కట్టకుండానే ఆగిపోయాయి. కానీ ఉన్నంతవరకు రాతిని వెన్నలాగా చెక్కారు. ద్వారం పక్కన మొసలి మీద నిలబడి, చెట్టుకొమ్మ పట్టుకుని, నడుం ఒక పక్కకు ఒంచిన ఆడబొమ్మ. ఆ నడుం ఒంపు చూస్తుంటే చెవిలో సింథసైజరు మళ్లీ మోగింది. చేతితో తాకితే మాత్రం ఎండకు చుర్రుమంది.

ఈ గుడికి ‘బుగ్గ’ అన్న పేరు ఎందుకొచ్చిందంటే, లింగం కిందినుంచి నీళ్లు ఊరుతాయి. బుగ్గ అంటే ఊట. బయట నది ఎండి ఇసకై పోయినా గర్భగుడిలో తడి ఆరదని ఊరివాళ్లు చెబుతారు. దీపం వెలుగులో ఆ నీళ్ల మీద సన్నగా ఒక మెరుపు కదులుతోంది. కె.వి. రెడ్డి చిన్నప్పుడు ఈ గుడికి రాకుండా ఉంటాడా! ఇక్కడ చూసిన ఈ గుప్పెడు మెరుపునే పెద్దది చేసి మద్రాసులో సరస్సు చేశాడేమో అని నాకొక పిచ్చి ఊహ. రుజువు చెయ్యలేను, వదులుకోనూలేను.

అక్క వాళ్ల ఊరు తాడిపత్రికి పన్నెండు కిలోమీటర్లు. బస్సు దిగి నడుస్తుంటే దారికి రెండు పక్కలా బండల పాలిషు మిషన్ల రొద. నల్లటి తాడిపత్రి బండలు కోసి, నున్నగా చేసి లారీల కెత్తుతున్నారు. ఈ పక్క ఇళ్లల్లో నేలకు అవే, మిద్దె మీదా అవే. పగలంతా ఎండ తాగి రాత్రి తొమ్మిది దాకా వేడి కక్కుతాయి.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పక తప్పదు. బావకు అయిదెకరాలు ఉండేది. అందులో రెండెకరాలు చీనీ తోట. అక్క కాపురానికి వచ్చిన ఏడు నాటిన తోట అది. మొక్కలకు పాదులు చేసిందీ, మొదటి మూడేళ్లు కడవలతో నీళ్లు పోసిందీ అక్కే. మొదటి బోరు మూడువందల అడుగుల్లో పడింది, నాలుగేళ్లు పోసి ఆగింది. రెండోది అయిదువందలు. నీళ్లు పడ్డాయి గానీ రెండు వేసవులకే సరి. మూడోది ఎనిమిదివందల అడుగులు పోయి బూడిద ఎగజిమ్మింది. ఒక ఎండాకాలమంతా ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను కాచుకున్నారు. కాపు అమ్మితే ట్యాంకర్ల అప్పు కూడా తీరలేదు. కిందటేడు బావ చెట్లు కొట్టించి కట్టెలకు అమ్మాడు. తర్వాత ఆ రెండెకరాలూ అమ్మాడు. వచ్చిన డబ్బులో అప్పులు పోను మిగిలిన దానితో డీజే సెట్టు కొన్నాడు!

బావ చెప్పేదానిలో న్యాయం ఉంది. “భూమిలో ఏం పెట్టినా రాలే. పెండ్లిళ్లకు, జాతరకు, వినాయకుని మెరవణికి డీజే లేకుంటే జరగదిప్పుడు. దీనికి వాన అక్కరలేదు,” అంటాడు. అక్క చెప్పేదానిలోనూ న్యాయం ఉంది. ఆమె ఏమీ చెప్పదు, అదే ఆమె వాదన. చెట్లు కొట్టించిన రోజు తనను అడగలేదన్నది ఒక్కటే మాట నాతో అంది, అదీ ఫోన్లో. అప్పటినుంచి ఎనిమిది నెలలు, ఇంట్లో అన్నం పెట్టాను, నీళ్లు కాగినాయి, ఎవరో వచ్చారు, ఇంతకు మించి ఆయనతో మాట్లాడలేదు. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది నిజానికి అందుకే. అమ్మ పొమ్మంది. పోయి ఏం చెయ్యాలో అమ్మ చెప్పలేదు, నాకూ తెలియదు.

బావ సెట్టు నాకు చూపించిన తీరు చూడాలి! ఎద్దుల జత చూపించినట్టు చూపించాడు. రెండు పెద్ద బేసు బాక్సులు, పైన టాపులు, ఆంప్లిఫయర్లు, మిక్సరు, ఒక పాత ల్యాప్‌టాపు. దుమ్ము పడకుండా అక్క పాత చీర కప్పి ఉంచాడు. (ఆ చీర అక్క ఇచ్చిందా, ఆయన తీసుకున్నాడా అని అడగడానికి ధైర్యం చాలలేదు.) ల్యాప్‌టాపులో పాటలు వరసగా పెట్టుకున్నాడు. మెరవణికి డప్పు బీట్లు. అర్ధరాత్రి దాకా సాగే పెళ్లిళ్లకు పాత క్లబ్బు పాటలు. జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మిత. “ముసలోళ్లే ఎక్కువ అడుగుతారు బామ్మర్దీ,” అని రహస్యం చెప్పాడు. 1986లో బప్పీలహరి ‘సింహాసనం’తో తెలుగులోకి తెచ్చిన డిస్కో పాటలంటే ఈ పల్లెల్లో ఇప్పటికీ గిరాకీ తగ్గలేదట.

ఆ పాటలు విన్నప్పుడల్లా నాకనిపిస్తుంది, మన సినిమా వాళ్లు ఎలక్ట్రానిక్ యంత్రాలను తొందర కోసమే వాడుకున్నారని. ఇరవై మంది వాయించేది ఒక్కడు వాయిస్తే ఖర్చు కలిసొస్తుంది, వేగం కలిసొస్తుంది. రాజ్ కోటిల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడే ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు, కాబట్టి ఆ వేగానికి నేను వంక పెట్టను. 1982లో బొంబాయి సినిమా వాద్యగాడు చరణ్‌జిత్ సింగ్ రాగాలను డిస్కో తాళం మీద సింథసైజర్లతో వాయించి రికార్డు వేస్తే ఆనాడు పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ వేసేసరికి పాశ్చాత్య దేశాలవాళ్లు ఆశ్చర్యపోయి చూశారు. అందులోనూ పరుగే. యంత్రాన్ని నెమ్మదిగా, ఆలస్యంగా, ఎదురుచూసేలాగా వాయించడం మనవాళ్లకెవరికీ తోచలేదా? ఎదురుచూడడంలో మా జిల్లాను మించినవాళ్లు లేరు గదా! ఆరుద్ర కార్తె కోసం, దుక్కి తడిసే వాన కోసం, హంద్రీనీవా కాలువ కోసం... శ్రీశైలం నీళ్లు జీడిపల్లి జలాశయానికి 2012లో వచ్చాయి. బావ పొలం దాకా ఇంకా రాలేదు.

రాత్రి భోజనాలయ్యాక బావ, నేను మిద్దెక్కాము. చాపలు పరిచినా కిందినుంచి బండల సెగ. బహుళపక్షం, చంద్రుడు లేడు. చుక్కలు మాత్రం అన్నీ ఉన్నాయి. వచ్చే లగ్గానికి ముందు సెట్టు ఒకసారి సరిచూసుకోవాలని బావ ఒక చిన్న స్పీకరు, మిక్సరు మిద్దె మీదికి తెచ్చి పెట్టాడు.

“నువ్వేందో తెచ్చినావంట గదా ఫ్రెంచోళ్లవి. పెట్టు సూద్దాం,” అన్నాడు.

పది దాటితే లౌడుస్పీకరు మోగించకూడదన్న రూలుంది గనక తక్కువ ధ్వనిలోనే పెట్టాను. ‘సెక్సువల్ స్పోర్ట్స్‌వేర్’ అనే పాట మొదట పెట్టాను, అందులో మాటల్లేవు కాబట్టి ఇబ్బంది ఉండదని. (పేరు చెప్పలేదు లెండి.) ఒక చిన్న స్వరాల వరస తిరుగుతూ తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒకటొకటిగా పొరలు చేరుతాయి. ఇప్పుడు విరుచుకుపడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటాం, అది ఇంకొంచెం ఆగుతుంది. మబ్బు పట్టిన సాయంత్రంలాగా. బావ వృత్తి మనిషి, చెవి అప్పగించి విన్నాడు.

“బేసు శానా శుభ్రంగుండాది. యాడా పగల్లేదు. కానీ దీనికి ఎవురెగురుతారు?”

“ఎగరడానికి కాదు బావా.”

“మరి?”

“ఊరికే... ఇద్దరు కూచుని వినడానికి.”

బావ మాట్లాడలేదు. బీడీ వెలిగించుకున్నాడు. కింద వాకిట్లో అక్క గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

తర్వాత ఆల్బంలో చివరిది పెట్టాను. ‘లామూర్ ఎ లా వియొలాన్స్’, అంటే ప్రేమా, హింసా. నాకు ఈ పదకొండింటిలో నచ్చిందల్లా ఇదే అన్నా తప్పులేదు. మిగతావాటిలో కొంత వేషం ఉంది, ఖరీదైన హోటలు గది వాసన ఉంది, మగవాడు తనను తాను అద్దంలో చూసి మురిసిపోయే గుణం ఉంది. ఇందులో అవన్నీ విప్పేసి కూచున్నాడు. పియానో మీద నాలుగు స్వరాలు, మళ్లీ అవే. మాటలు గుప్పెడు కూడా లేవు. సింథసైజరు ఎక్కడో దూరంగా మొదలై, మెల్లగా దగ్గరికి వచ్చి, మనిషిని చుట్టుకుంటుంది.

“ఏమంటాండాడు?” అన్నాడు బావ.

నాకొచ్చిన అరకొర ఫ్రెంచితో చెప్పాను. తన బతుకంతా ఎదుటి మనిషి ముందర పెట్టి, దాని మీద ఆమె అభిప్రాయం అడుగుతున్నాడని.

“ఆయమ్మ ఏం చెప్తాది?”

“పాటలో ఆమె జవాబు లేదు.”

బావ బీడీ ఆర్పేశాడు. కాసేపటికి, “ఇంగోసారి పెట్టు,” అన్నాడు. మళ్లీ పెట్టాను. కింద గిన్నెల చప్పుడు ఆగింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు గానీ మెట్ల మీద అడుగుల సవ్వడి విన్నాను. అక్క సగం బకెట్టు నీళ్లు పట్టుకుని పైకి వచ్చింది. బట్టలు జాడించిన నీళ్లు. మా ఇళ్లల్లో ఆ నీళ్లు కూడా పారబొయ్యరు, పొద్దున వాకిలి చల్లడానికి దాచుకుంటారు. ఆమె ఎవరితోనూ ఏమీ అనకుండా బావ చాప చుట్టూ బండల మీద ఆ నీళ్లు చల్లింది. బండలు చుస్సుమన్నాయి. తడిసిన రాతి వాసన, సబ్బు వాసన కలిసి లేచాయి.

బకెట్టు బోర్లించి దాని మీద కూచుంది. చాపకు ఇటు చివర కాదు, అటు చివర కాదు, నడిమధ్య. బావ కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు. పాట అయిపోయింది. ఎవరూ కదల్లేదు. దూరంగా మద్రాసు లైనులో గూడ్సు బండి పోతున్న మోత చాలాసేపు వినిపించింది.

“చీనీ కట్టెలు ఇంగా కొన్ని దొడ్లో ఉండాయి,” అన్నాడు బావ చివరికి. “అమ్మలేదు. నీవి అని పెట్టినా.”

అక్క ఆ మాటకు జవాబు చెప్పలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అయ్యుంటుంది, అంత ఉక్కగా ఉంది ఆ రాత్రి. తర్వాత నా వైపు తిరిగి, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆయనకు కూడా వినపడేలా, మామూలు గొంతుతో అడిగింది.

“బాగుండాయి రా. ఏం పాటలివి, పేరేంది?”

నేను ఫోను బోర్లా తిప్పేసి, “ఫ్రెంచి పాటలక్కా,” అన్నాను.